మోత

దశరథం పెట్టె ఆ విమానంలో రాలేదు.

రెబెక్కా జాబితా ఇంకోసారి చూసింది. నమ్మకం కుదరక గిడ్డంగి లోపలికి వెళ్లి వెతికి వచ్చింది. మందుల డబ్బాలు, యంత్రాల విడిభాగాలు, నీలం ప్లాస్టిక్ చుట్టిన మూటలు. వాటి నడుమ గోనెగుడ్డ కప్పిన పొడవాటి పెట్టెలు రెండే ఉన్నాయి. ఒకటి నిజామాబాద్ వెళ్లేది, ఇంకొకటి కడపకు వెళ్లేది. జగిత్యాలకు వెళ్లాల్సిన మూడోది లేదు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గో గేటులో ఒక ఏజెన్సీ తరఫున ఆమె చేసే పని ఇదే. పరదేశంలో చనిపోయినవాళ్ల పెట్టెలు దిగితే పాస్‌పోర్టు, మరణపత్రం సరిచూడాలి. ఇంటివాళ్లతో సంతకం పెట్టించి అంబులెన్స్ ఎక్కించాలి. కాగితాల లెక్కలో అవి కూడా సరుకే, బరువుతో సహా రాసి ఉంటాయి. ఇంటివాళ్ల ముందు మాత్రం ఆమె ఆ మాట పలకదు.

సూపర్‌వైజర్ గోవర్ధన్ అప్పటికే నాలుగు చోట్లకు ఫోన్లు చేసి విషయం కనుక్కున్నాడు. నడుమ విమానం మారే చోట జాగా చాలలేదట. తొందరగా చేరాల్సిన సరుకేదో ఉంటే దాన్ని ఎక్కించి, ఈ పెట్టెను దింపేశారట.

"గా ముచ్చట వాళ్లకు చెప్పకు," అన్నాడు ఆయన, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "విమానం మారేకాడ లేటయిందని చెప్పు. చాలు."

బయట రేకుల కింద ఇద్దరు నిలబడి ఉన్నారు. దశరథం తమ్ముడు మొగులయ్య గేటు వైపే చూస్తున్నాడు. దశరథం భార్య లింగవ్వ కొంగు నిండా కప్పుకుని, చేతిలో ప్లాస్టిక్ సంచి పట్టుకుని నేల వైపు చూస్తోంది. నలభై దాటని మనిషి. ముఖం మాత్రం నిద్రలేక వాచినట్టుంది. రెబెక్కా గోవర్ధన్ చెప్పమన్నట్టే చెప్పింది. నడుమ ఆగిపోయిందని, రేపో ఎల్లుండో వస్తుందని అంది.

"ఆగిపోవుడేందమ్మా?" అన్నాడు మొగులయ్య మెల్లగానే. "మా అన్న గిట్ల ఎక్కనన్నడా?"

అంబులెన్స్ డ్రైవర్‌కు ఇంకో పిలుపు రావడంతో అతను వెళ్లిపోయాడు. గల్ఫ్ కూలీల పనులు చూసే ఆఫీసు ఒకటి పట్నంలో ఉందని ఎవరో చెబితే మొగులయ్య అక్కడికి బయలుదేరాడు. రాత్రికి కాటేదాన్‌లో తమ ఊరివాళ్ల గది ఉందని, అక్కడికి పోదాం రమ్మని వదినను పిలిచాడు. లింగవ్వ కదలలేదు. తను లేనప్పుడు పెట్టె దిగితే ఎట్లా అంది. మొగులయ్య ఎంత చెప్పినా అదే మాట. చివరికి అతనొక్కడే ఆటో ఎక్కాడు.

రెబెక్కా కడపవాళ్ల కాగితాలు అందుకుంది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఉండగా శివశంకర్ ఫోన్ చేశాడు. జూబ్లీహిల్స్‌లో చిన్న మ్యూజిక్ కంపెనీ నడుపుతున్నాడు. అతన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రమే పరిచయం. రెబెక్కా తన ఆల్బమ్‌ను ఎన్ని కంపెనీలకు పంపినా జవాబు ఇచ్చింది ఇతనొక్కడే.

ఆల్బమ్ పేరు 'బరువు'. అందులో ఎనిమిది పాటలు. పగలు గేటులో చెవిన పడ్డవన్నీ సాయంత్రం గదిలో పాటలయ్యాయి. స్కానర్ కూత, వెనక్కి వచ్చే ఫోర్క్‌లిఫ్ట్ మోగించే గంట, పెట్టె నేలకు ఆనినప్పటి దెబ్బ – వీటిని ఫోన్‌లో పట్టుకొచ్చి, కంప్యూటర్‌లో కోసి, సాగదీసి తాళం కట్టింది. రాజేంద్రనగర్ దగ్గరి మిషన్ హాస్టల్‌లో పెరిగినప్పుడు వంటమనిషి సరోజమ్మ బియ్యం ఏరుతూ పాడిన పల్లెపాటల వరసలు ఆ తాళం మీద కూర్చున్నాయి. వాటి మీద స్నేహితుడు ఆశేర్ గిటార్ ఇనుపరేకులు విరిగిపడ్డట్టు మోగేది. ఆదివారాలు కాటేదాన్‌లో తను పనిచేసే షెడ్డులో యంత్రాలు ఆగినప్పుడు వాయించి ఇచ్చాడతను. తర్వాత బెంగళూరు వెళ్లిపోయాడు, ఇప్పుడు పుట్టినరోజుకు మెసేజ్ పెడతాడంతే. గేటు దగ్గరి చప్పుళ్లలో రెబెక్కా ఎన్నడూ తీసుకోనిది ఒకటే, ఇంటివాళ్ల ఏడుపు. అది మొదలవగానే ఫోన్ జేబులో పెట్టేసేది.

"పాటలు చాలా బాగున్నాయండీ," అన్నాడు శివశంకర్. "జానపదం, ఎలక్ట్రానిక్, మెటల్ మూడూ ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నట్టున్నాయి. ఆ చివరిది ఒక్కటే ఇబ్బంది. తొమ్మిది నిమిషాలు, అందులో ఒక్క మాట లేదు. ఉత్త గోల. ఎవరు కూర్చుని వింటారు చెప్పండి? అది తీసేద్దాం."

ఇంకొక సంగతి కూడా చెప్పాడు. వీడియో ఒకటి కావాలి. నల్లబట్టల్లో ఆమె, వెనక కార్గో గేటు, దిగుతున్న పెట్టెలు. చావునీడల సంగీతం, గాథిక్ అంటే అదే కదా అన్నాడు. ఆమె నిజంగానే అక్కడ పనిచేస్తుందని తెలిస్తే జనం వదలరట. కెమెరా చిన్నదే, ఎవరికీ అడ్డం ఉండదట.

రెబెక్కా ఆలోచించి చెబుతానంది. కాదనడానికి భయం వేసింది. ఆ ఎనిమిది పాటలనూ వరసగా కూర్చుని విన్న మనిషి ఇంతవరకు ఒక్కరూ లేరు. ఆశేర్ కూడా తను వాయించిన ముక్కలే విన్నాడు. హాస్టల్ స్నేహితులకు పంపితే చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. ఒకామె మాత్రం నీకోసం ప్రార్థన చేస్తున్నానని రాసింది.

డ్యూటీ దిగాక బాత్రూములో ఏజెన్సీ చొక్కా విప్పి, తన నల్ల కుర్తా వేసుకుంది. వెండి ఉంగరాలు తొడుక్కుని కాటుక దిద్దుకుంది. బయటికొచ్చి చూస్తే రేకుల కింద ఎవరూ లేరు. సాయంత్రం పెద్దాఫీసర్లు చూడటానికి వస్తున్నారని, గేటు ముందు ఎవరూ కూర్చోవద్దని పైనుంచి చెప్పారట. గార్డు పాపం బతిమాలినట్టే చెప్పాడట. లింగవ్వ రోడ్డు నడుమ డివైడర్ పక్కన ఎండలో కూర్చుని ఉంది. ప్లాస్టిక్ సంచిని తల మీద గొడుగులా పెట్టుకుంది. లారీ పోయినప్పుడల్లా దుమ్ము లేచి ఆమెను కమ్మేస్తోంది.

రెబెక్కా స్కూటర్ మీద ఆమెను దాటి కొంత దూరం పోయింది. మలుపులో ఆగింది. వెనక్కి తిప్పుకొచ్చింది.

"అక్కా, ఎక్కు. మా రూముకు పోదాం."

లింగవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. కాగితాల మనిషిని ఆ కాటుక వెనక వెంటనే గుర్తుపట్టలేకపోయింది.

"పెట్టె వస్తే ఎట్ల?"

"రేపు పొద్దుగాల దాకా ఆ తొవ్వల విమానం లేదు. వస్తే ఫస్టు ఫోను నాకే చేస్తరు."

లింగవ్వ మరికొంచెంసేపు గేటు వైపు చూసి లేచింది.

గది శంషాబాద్ బస్టాండు వెనక సందులో, టైర్ల దుకాణం మీద ఉంది. విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దం గీమంటుంది. గోడలకు పాత పరుపులు, వాటి మీద కోడిగుడ్ల అట్టలు కొట్టి ఉన్నాయి. మూలన కంప్యూటర్, రెండు పెద్ద స్పీకర్లు, ఒక మైకు. లింగవ్వ కాళ్లు కడుక్కుని వచ్చి గుమ్మం దగ్గరే కూర్చుంది. రెబెక్కా అన్నం వండి, పొద్దున్నే చేసిన టమాట పప్పు వేడి చేసి పెట్టింది. లింగవ్వ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"గోడలకు పరుపులేంది చెల్లె?"

"చప్పుడు బయటికి పోకుంటక్కా. నేను పాటలు కడత. కింద దుకాణపోళ్లు కొట్లాడుతరని గట్ల కొట్టిన."

"అసలే ఇనరాదా?"

"ఇనరాదు."

లింగవ్వ పళ్లెం పక్కకు జరిపి చేతి వేళ్లు చూసుకుంటూ కూర్చుంది. రెబెక్కా అడగకుండానే చెప్పుకుంటూ పోయింది. దశరథం రాత్రి పడుకుని పొద్దున లేవలేదట. పక్కమంచం మనిషి ఫోన్ చేసి చెప్పాడట. అత్తకు గుండెజబ్బు. కొడుకు పోయాడంటే తట్టుకోలేదని, శవం ఇల్లు చేరేదాకా ఆమెకు చెప్పొద్దని పెద్దమనుషులు అన్నారట. ఉన్నదే రెండర్రల ఇల్లు, పొద్దంతా అత్త కళ్ల ముందే ఉండాలి. ఫోన్ వచ్చిన నాడు లింగవ్వ బర్రెకు గడ్డి వేసి, అత్త కాళ్లకు నూనె రాసింది. కొడుకు ఫోన్ చేశాడా అని అత్త రోజూ అడుగుతుంది. చేశాడని లింగవ్వ రోజూ చెబుతుంది. ఇక్కడికి కూడా చుట్టాల పెళ్లి అని చెప్పి వచ్చింది.

చెబుతున్నంతసేపూ ఆమె గొంతులో తేడా రాలేదు. ఎవరింటి సంగతో చెబుతున్నట్టుంది.

"గా మిషన్ల నీ పాటలున్నయా?" అంది చివరికి. "పెట్టరాదు. ఊకె కూసుంటే మనసు ఉంటలేదు."

రెబెక్కా చేతులు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. మొదటి పాట సరోజమ్మ వరసలో సన్నగా మొదలైంది.

పొద్దు పొడిసే దేశం బోతివి,
పొద్దు గూకే దేశం బోతివి,
ఏ పొద్దుకొస్తివయ్యా,
నిన్నెవలు మోస్తిరయ్యా

లింగవ్వ తల ఎత్తింది. నాట్లేసేటప్పటి వరస లెక్క ఉంది అంది. అంతలో పాట అడుగు నుంచి స్కానర్ కూతలు తాళంగా లేచాయి, వాటి మీద గిటార్ విరుచుకుపడింది. ఆమె ఉలిక్కిపడి గోడకు ఆనుకుంది. ఆ తర్వాత కదలలేదు. రెండో పాట, మూడో పాట, నాలుగోది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. పాటకు పాటకు నడుమ రెబెక్కా వెనక్కి తిరిగి ఆమెను చూసేది.

చివరి పాట వచ్చింది. దాని పేరు 'మోత'. అందులో పల్లవి లేదు, చరణం లేదు. పెట్టె నేలకు ఆనే దెబ్బే డప్పులా మొదలవుతుంది. దాని మీద గిటార్, దాని కింద ఫోర్క్‌లిఫ్ట్ రొద, అన్నిటి నడుమ రెబెక్కా గొంతు. పాడటం కాదది. కడుపులోంచి తోడుకొచ్చిన అరుపు.

"ఇంకింత పెంచరాదు?" అంది లింగవ్వ వెనకనుంచి.

రెబెక్కా పెంచింది.

"ఇంకా."

ఆమె చివరిదాకా తిప్పింది. నేల అదిరింది, గ్లాసులో నీళ్లు వణికాయి. ఆ రొదలో ఎప్పుడు మొదలైందో గానీ ఇంకో గొంతు వచ్చి కలిసింది. రెబెక్కాకు ఆ పాటలో ప్రతి చప్పుడూ తెలుసు. ఈ గొంతు దానిది కాదు. వెనక్కి తిరగబోయి ఆగిపోయింది. మెల్లగా చేయి చాచి మైకు తీగ ఊడదీసి, చుట్టచుట్టి పక్కన పెట్టింది. తెర మీద గీతలు లేచి పడుతుంటే చూస్తూ కూర్చుంది.

తొమ్మిది నిమిషాలు అయిపోయాయి. పాట ఆగేసరికి లింగవ్వ ఏడుపు ఒక్కటే గదిలో మిగిలింది. ఒక్క క్షణమే. తన గొంతు తనకే వినపడి, కొంగు నోట్లో కుక్కుకుంది. రెబెక్కా వెంటనే పాటను మళ్లీ మొదటినుంచి పెట్టింది. అది ఆగగానే మళ్లీ పెట్టింది. కిటికీలో ఎండ పసుపు రంగుకు తిరిగి, ఎదురింటి డాబా మీదికి పోయేదాకా అట్లా పెడుతూనే ఉంది. లింగవ్వ దశరథాన్ని పేరు పెట్టి పిలిచింది, తిట్టింది, ఏవేవో అడిగింది. అవేమిటో రెబెక్కాకు వినపడలేదు. వినడానికి ప్రయత్నించలేదు కూడా.

ఎన్నోసారో పాట ఆగినప్పుడు వెనక నుంచి చప్పుడు రాలేదు. లింగవ్వ లేచి ముఖం కడుక్కుని, జుట్టు విప్పి మళ్లీ ముడి వేసుకుంది. ముఖంలో వాపు అట్లాగే ఉంది. భుజాలు మాత్రం దిగాయి. వచ్చి రెబెక్కాకు ఎదురుగా కూర్చుని, ఆమె నల్లబట్టలను, ఉంగరాలను, కరిగిన కాటుకను చూసింది.

"నీకెవలు పోయిండ్రు చెల్లె?"

"ఏందక్కా?"

"గంతగనం మొత్తుకున్నవు గదా అండ్ల. ఎవల కోసం?"

నల్లబట్టలెందుకని అడిగినవాళ్లున్నారు. దయ్యం పాటలెందుకని అడిగినవాళ్లున్నారు. ఈ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. పెట్టెల్లో వచ్చేవాళ్ల కోసం అని చెబుదామనుకుంది. చాలాకాలంగా తనకు తాను చెప్పుకున్న జవాబు అదే. లింగవ్వ ముందు ఆ మాట నోటిదాకా వచ్చి నిలిచిపోయింది.

"ఎవ్వలు పోలేదక్కా," అంది. "పోయేటందుకు నాకెవ్వలు లేరు."

లింగవ్వ జాలి పడలేదు, ఓదార్చలేదు. అన్నం గిన్నె దగ్గరికి లాక్కుని మూత తీసింది.

"నాకు పెట్టినవు, నువ్వు తినలే," అంటూ పళ్లెంలో అన్నం వేసి, పప్పు పోసి కలిపింది. కలిపిన పళ్లెం రెబెక్కా ఒళ్లో పెట్టింది. ఆమె తినేదాకా ఎదురుగా కూర్చుని, మధ్యలో నీళ్ల గ్లాసు జరిపింది.

మరునాడు కూడా పెట్టె రాలేదు. లింగవ్వ పొద్దంతా గేటు దగ్గర కూర్చుని, సాయంత్రం స్కూటర్ ఎక్కి గదికి వచ్చింది. పాట పెట్టమనలేదు. గది ఊడ్చింది, వంకాయ వండింది. అత్త నుంచి ఫోన్ వస్తే, పెళ్లి బాగా జరుగుతోందని చెప్పింది.

ఆ తెల్లవారి విమానంలో పెట్టె వచ్చింది.

గోనెగుడ్డ మీద ఇంగ్లీషులో రాసిన పేరును రెబెక్కా ఒక్కొక్క అక్షరం సరిచూసింది. పాస్‌పోర్టు నంబరు, మరణపత్రం, ముద్రలు. ఫోర్క్‌లిఫ్ట్ పెట్టెను గేటు బయటికి తెచ్చి దింపింది. మొగులయ్య వెంట వచ్చిన కాటేదాన్ ఊరివాళ్లు ఇద్దరు చూస్తూనే గొల్లుమన్నారు. మొగులయ్య పెట్టె మీద పడి అన్నా అని తల కొట్టుకున్నాడు. లింగవ్వ దగ్గరికి వచ్చి అరచేయి గోనెగుడ్డ మీద ఆనించి నిలబడింది. కళ్లు తడిసినా గొంతు లేవలేదు. ఊరివాళ్లలో ఒకతను రాయి లెక్క ఉన్నది సూడు అని పక్కవాడితో అన్నాడు. రెబెక్కా విన్నది. చెప్పడానికి అది తన ముచ్చట కాదు. కలం, కాగితం లింగవ్వ ముందు పెట్టి, సంతకం చేయాల్సిన చోటు వేలితో చూపింది.

మామూలుగా అయితే సంతకం కాగానే ఆమె లోపలికి వెళ్లిపోతుంది. ఎత్తడం మగవాళ్ల పని. ఆ పూట మొగులయ్య లేచే స్థితిలో లేడు. డ్రైవర్, ఊరివాళ్లు ఇద్దరు తలా ఒక మూల పట్టుకుని నాలుగో మనిషి కోసం చూస్తున్నారు. రెబెక్కా కాగితాల అట్టను నేల మీద పెట్టి, ఉత్తగా ఉన్న మూలను రెండు చేతులా పట్టింది. చెక్క అంచు అరచేతిలో దిగింది, మోకాళ్లు వంగాయి. 'బరువు' అన్న పేరుతో ఎనిమిది పాటలు కట్టిన మనిషికి ఆ బరువు చేతికి తెలియడం అదే మొదలు. నలుగురూ ఒక్క ఊపులో పెట్టెను అంబులెన్స్‌లోకి తోశారు.

లింగవ్వ ముందు సీటులో కూర్చుంది. తలుపు వేయబోతూ ఆగి, కిటికీలోంచి రెబెక్కా చేయి పట్టుకుంది.

"పదకొండొద్దులకు దినాలు జేస్తం. రా చెల్లె. రాకుండ ఉండకు."

అంబులెన్స్ ఔటర్ రింగు రోడ్డు వైపు తిరిగింది. రెబెక్కా అరచేతిలో ఎర్రగా పడిన గీతను బొటనవేలితో రుద్దుకుంటూ కాసేపు అక్కడే నిలబడింది.

శివశంకర్‌కు ఆ సాయంత్రం తనే ఫోన్ చేసింది. చివరి పాట ఉంటుందని, కార్గో గేటు దగ్గర వీడియో ఉండదని చెప్పింది. అతను విసుక్కోలేదు. ఒక్క పాట కోసం ఇంత పట్టుదల ఎందుకండీ అన్నాడు. తొమ్మిది నిమిషాల గోలను ఎవరైనా విన్నారా అని మర్యాదగానే అడిగాడు.

"ఒకామె ఇన్నది సార్," అంది రెబెక్కా.

ఆమెకేమి నచ్చిందో చెప్పమన్నాడు. రెబెక్కా చెప్పలేదు. అతను నిట్టూర్చి, మనసు మారితే ఫోన్ చేయండి అన్నాడు. ఆ ఆదివారం ఆమె ఆల్బమ్‌ను తనే ఇంటర్నెట్‌లో పెట్టింది, ఎనిమిది పాటలూ అదే వరసలో. వారం గడిచినా విన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముందైతే రోజుకు పదిసార్లు తెరిచి చూసుకునేది. ఇప్పుడు సాయంత్రాలు స్టవ్ దగ్గర గడుస్తున్నాయి. ఒక్కదానికే అయినా పప్పు వేడిగా చేసుకుని, పళ్లెంలో పెట్టుకుని కూర్చుని తింటోంది.

దినాల ముందురోజు గోవర్ధన్ బల్ల దగ్గరికి వెళ్లి రెండు రోజులు సెలవు కావాలంది. ఆయన ఆశ్చర్యపోయాడు. క్రిస్మస్‌కు కూడా డ్యూటీ చేసే మనిషి. ఒంట్లో బాగాలేదా, దవాఖానకు పోవాలా అని అడిగాడు.

"కాదు సార్. మా ఇంట్ల ఒకలు పోయిండ్రు."

గోవర్ధన్ చేతిలోని కలం ఆగింది. ఉద్యోగంలో చేరిన రోజు ఇంటివాళ్ల పేర్లు రాసే చోట ఆమె అడ్డగీత గీసి ఇచ్చిన సంగతి ఆయనకు తెలుసు.

"ఎవలమ్మా?"

"మా బావ," అంది రెబెక్కా. "మా అక్కోళ్లది జగిత్యాల దిక్కు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. రిజిస్టర్ దగ్గరికి లాక్కుని ఆమె పేరు ఎదురుగా సంతకం చేశాడు.

"జూబ్లీ బస్టాండ్ల ఎక్కు," అన్నాడు. "జర పొద్దుగాలనే పో. కిటికీ సీటు దొరుకుతది."